మైక్రోవేవ్ రిసీవర్‌కి ఏ ట్రాన్సిస్టర్ తీసుకోవాలి?

పోయిన వేసవిలో ఫైనలియర్ ఈసీఈ పిల్లలు నలుగురు మా డాబా మీదికి ఒక హార్న్ యాంటెన్నా (గరాటు ఆకారపు యాంటెన్నా) మోసుకొచ్చారు. అల్యూమినియం రేకు కోసి, రివెట్లు కొట్టి వాళ్లే చేసుకున్నారు. పాలపుంతలోని హైడ్రోజన్ నుంచి 1420 మెగాహెర్ట్జ్ దగ్గర వచ్చే సిగ్నల్‌ను పట్టుకోవాలని ప్రాజెక్టు. మూడు రాత్రులు కూర్చున్నా స్క్రీన్ మీద చిన్న బుడిపె ఒకటి వస్తూ పోతూ ఉంది. అది హైడ్రోజనో, రిసీవర్ సొంత వంకరో తేల్చుకోలేకపోతున్నారు. "సార్, ఇంకా మంచి ట్రాన్సిస్టర్ చెప్పండి, డబ్బులు ఉన్నాయి" అన్నాడు ఒకడు.

వాళ్లు అప్పటికే వాడుతున్నది 0.5 డీబీ (డెసిబెల్) నాయిస్ ఫిగర్ ఉన్నది. ట్రాన్సిస్టర్ తన సొంతంగా ఎంత నాయిస్ (సిగ్నల్‌ను ముంచే గరగర) కలుపుతుందో చెప్పే అంకె అది, ఎంత తక్కువైతే అంత మంచిది. దానికి వంక పెట్టడానికి ఏమీ లేదు. కానీ ఆ ఆంప్లిఫయర్ డబ్బా కింద బల్ల మీద ఉంది. హార్న్ నుంచి అక్కడిదాకా రెండు మీటర్ల ఆర్‌జీ-58 కేబుల్. కొత్త ట్రాన్సిస్టర్ సంగతి తర్వాత, ముందు ఆ కేబుల్ పీకేయమన్నాను. మొహాలు చిన్నబుచ్చుకున్నారు. అప్పుడు కాగితం తీసి లెక్క వేయించాను. ఎంపిక గురించి చెప్పాల్సిన వాటిలో సగం ఆ కాగితం మీదే ఉంది కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను.

డీబీలను పక్కనబెట్టి కెల్విన్‌లో ఆలోచించాలి. వేడిగా ఉన్న ఏ వస్తువైనా నాయిస్ ఇస్తుంది కాబట్టి, నాయిస్‌ను అంత నాయిస్ ఇచ్చే వేడితో కొలుస్తారు. 0.3 డీబీ అంటే 21 కెల్విన్. 0.5 అంటే 35. 1 డీబీ అంటే 75, 2 డీబీ అంటే 170. డీబీలో చూస్తే అన్నీ పక్కపక్క అంకెల్లాగే ఉంటాయి, కెల్విన్‌లోకి మార్చగానే తేడా కళ్లకు కడుతుంది. పైగా కెల్విన్లను కిరాణా చీటీలాగా వరసగా కూడుకుంటూ పోవచ్చు.

వాళ్ల చీటీ ఇది. ఆకాశం, పక్కల నుంచి నేల వేడి కలిపి సుమారు 20 కెల్విన్. ఆర్‌జీ-58 ఈ ఫ్రీక్వెన్సీలో మీటరుకి 0.8 డీబీ దాకా తినేస్తుంది, అంటే రెండు మీటర్లకు 1.6. ఆ కేబుల్ సిగ్నల్‌ను తగ్గించి ఊరుకోదు, తన సొంత వేడితో 129 కెల్విన్ నాయిస్ పోస్తుంది. దాని వెనకున్న ట్రాన్సిస్టర్ 35 కెల్విన్ కూడా కేబుల్ నష్టంతో హెచ్చయి 51 అవుతుంది. మొత్తం 200. ఇప్పుడు కేబుల్ అలాగే ఉంచి 0.3 డీబీ ట్రాన్సిస్టర్ పెడితే 179. ట్రాన్సిస్టర్‌ను ముట్టుకోకుండా కేబుల్ తీసేసి, ఆంప్లిఫయర్‌ను హార్న్ వెనకే బిగిస్తే 55!

సిగ్నల్ ఎంత త్వరగా తేలుతుందన్నది ఈ మొత్తపు వర్గాన్ని (దాన్ని దానితోనే గుణిస్తే వచ్చేదాన్ని) బట్టి ఉంటుంది. 200 నుంచి 55కి దిగితే అదే స్పష్టతకు పట్టే సమయం పదమూడో వంతు అవుతుంది. అంటే ఒక రాత్రంతా కూర్చుని చేసే పని గంటలోపే అయిపోతుంది.

లెక్కలో రెండో చిల్లు వెనక ఉంది. వాళ్లకు ఉన్నది 16 డీబీ గెయిన్ (సిగ్నల్‌ను ఎన్ని రెట్లు పెంచుతుందన్న లెక్క) ఇచ్చే ఒకే ఒక్క ఆంప్లిఫయర్ దశ. దాని వెనక పొడుగు కేబుల్, ఆ చివర సిగ్నల్‌ను లాప్‌టాప్‌లోకి పంపే యూఎస్‌బీ డాంగిల్. రెండూ కలిపి నాయిస్ ఫిగర్ 8 డీబీ అనుకుందాం, అంటే 1540 కెల్విన్. 16 డీబీ అంటే 40 రెట్లు. 1540ని 40తో భాగిస్తే 38 కెల్విన్ పైనే. మీ ఖరీదైన ట్రాన్సిస్టర్ ఎంత నాయిస్ ఇస్తోందో వెనకున్న చవక సామాను కూడా అంత ఇస్తోందన్నమాట. 1944లో హెరాల్డ్ ఫ్రీస్ రాసిన సూత్రం చెప్పేది ఇదే: మొదటి దశ గెయిన్ ఎంత ఉంటే వెనకవాళ్ల నాయిస్ అంత పలచబడుతుంది. ఇంకో 16 డీబీ దశ పక్కనే పెడితే డాంగిల్ వాటా 1 కెల్విన్‌కి పడిపోతుంది. ఆ రెండో దశ 1 డీబీ నాయిస్‌దైనా దాని వాటా 2 కెల్విన్ దాటదు. కాబట్టి మొదటి దశకి మంచిది, రెండో దశకి కోఠిలో దొరికేదైనా చాలు. ఒకే మంచి ట్రాన్సిస్టర్ జత కొని రెండు చోట్లా వాడేవాళ్లను చూశాను. తప్పేం కాదు గానీ డబ్బు దండగ.

ఫ్రీక్వెన్సీని బట్టి పందెం మారుతుంది

తిరుపతి దగ్గర గాదంకిలో వాతావరణ పరిశోధనకు పెట్టిన ఎంఎస్‌టీ రాడార్ 53 మెగాహెర్ట్జ్‌లో పనిచేస్తుంది. ఆ ఫ్రీక్వెన్సీలో పాలపుంతే వేల కెల్విన్ల నాయిస్ పంపిస్తుంది. అక్కడ 0.3 డీబీ ట్రాన్సిస్టర్ పెట్టినా, 3 డీబీది పెట్టినా వచ్చే తేడా చెప్పుకోదగ్గది కాదు. వాన కురుస్తుంటే గొడుగుకి ఇస్త్రీ చేసినట్టే ఉంటుంది.

1 నుంచి 10 గిగాహెర్ట్జ్ మధ్య మాత్రం కథ వేరు. నడినెత్తిన ఆకాశం అక్కడ కొన్ని కెల్విన్లే, అందులో 2.7 విశ్వమంతా నిండి ఉన్న మైక్రోవేవ్ వెలుగుది. ఇక్కడ మీరు తగ్గించిన ప్రతి కెల్విన్ లాభమే. షాద్‌నగర్‌లో ఇస్రో వారి ఎన్‌ఆర్‌ఎస్‌సీ కేంద్రం ఉపగ్రహాల డేటా దించుకునే 8 గిగాహెర్ట్జ్ కూడా ఈ కిటికీలోదే.

12 గిగాహెర్ట్జ్ డీటీహెచ్‌కి వస్తే, వాన పడినప్పుడు మబ్బు సిగ్నల్‌ను మింగడంతో ఆగదు, ఆకాశాన్ని కూడా వేడెక్కిస్తుంది. ఆ సమయంలో ఎంత మంచి ఎల్‌ఎన్‌బీ (డిష్ ముందు ఉండే రిసీవర్ డబ్బా) ఉన్నా చేసేది కొంచెమే, డిష్ పెద్దది చేయడమే దారి. ఎల్‌ఎన్‌బీల మీద 0.1 డీబీ అని అంటించే స్టిక్కర్లను నేను పట్టించుకోను. అందులో వాడే మంచి ట్రాన్సిస్టర్ ఒక్కదానికే 12 గిగాహెర్ట్జ్ దగ్గర డేటాషీట్ మామూలుగా 0.3 డీబీ అంటుంది. దాని ముందున్న ప్రోబ్ (సిగ్నల్‌ను అందుకునే చిన్న కడ్డీ), బోర్డు నష్టాలు కలిశాక అది 0.1 ఎలా అవుతుంది?

ఇక ట్రాన్సిస్టర్లు

గాలియం ఆర్సెనైడ్ పీ-హెమ్ట్. తొంభై శాతం మందికి ఇదే జవాబు. మామూలు ట్రాన్సిస్టర్‌లో ఎలక్ట్రాన్లను ఇచ్చే మలిన అణువులూ, ఆ ఎలక్ట్రాన్లు పరిగెత్తే దారీ ఒకే చోట ఉంటాయి. అడుగడుగునా గుద్దుకుంటూ పోవాలి. హెమ్ట్‌లో మలిన అణువులు ఒక పొరలో ఉంటే, ఎలక్ట్రాన్లు కిందున్న శుభ్రమైన పొరలోకి జారి అక్కడ పరిగెడతాయి. ఫుజిట్సులో తకాషి మిమురా 1979లో ఆలోచించి 1980లో చేసి చూపించిన సంగతి ఇది. 1985లో జపాన్‌లోని నోబెయామా 45 మీటర్ల రేడియో టెలిస్కోపులో మొదట వాడారు. ఆ తర్వాత ఇంటింటి శాటిలైట్ టీవీ డిష్‌లలోకి వెళ్లింది. ఇవాళ ఇది చవగ్గా దొరకడానికి టెలిస్కోపులు కారణం కాదు, ఆ డిష్‌లే.

ఇక్కడ చాలామంది పడే గుంత ఒకటుంది. 12 గిగాహెర్ట్జ్‌లో 0.3 డీబీ ఇచ్చేది 1.4లో ఇంకా తక్కువ ఇస్తుంది కదా అని డీటీహెచ్ ట్రాన్సిస్టర్ కొనేస్తారు. కాగితం మీద నిజమే, ఎఫ్-మిన్ (ఆ ట్రాన్సిస్టర్‌తో రాగల కనీస నాయిస్ ఫిగర్) అంకె ఇంకా చిన్నదే. కానీ ఆ ట్రాన్సిస్టర్‌లో కరెంటును అదుపు చేసే గేటు చాలా సన్నం, వెడల్పు తక్కువ. 1.4 గిగాహెర్ట్జ్ దగ్గర దానికి నచ్చే ఇంపెడెన్స్ (సిగ్నల్‌కు ఎదురయ్యే నిరోధం) స్మిత్ చార్ట్ అనే ఇంపెడెన్స్ పటం అంచుకి వెళ్లి కూర్చుంటుంది. యాంటెన్నా వైపు ఉండే 50 ఓమ్‌ల నుంచి అక్కడికి తీసుకెళ్లాలంటే (మ్యాచింగ్ అంటే ఇదే) పెద్ద ఇండక్టర్ కావాలి, ఆ ఇండక్టర్ నష్టం ఎఫ్-మిన్‌లో మిగిలిందంతా తినేస్తుంది. పైగా కింది ఫ్రీక్వెన్సీల్లో దాని గెయిన్ విపరీతం, ఎక్కడో ఒక చోట ఆసిలేట్ అవుతుంది, అంటే సిగ్నల్ లేకుండానే తనంతట తనే మోగుతుంది. 1, 2 గిగాహెర్ట్జ్ పనికి గేటు వెడల్పు ఉన్నది చూసుకోవాలి. ఏటీఎఫ్-54143 అంత పేరు తెచ్చుకున్నది అందుకే: 800 మైక్రాన్ల గేటు, 2 గిగాహెర్ట్జ్ దగ్గర 0.5 డీబీ, మ్యాచింగ్ సులువు.

దాంతో ఇంకో సుఖం, అది ఎన్‌హాన్స్‌మెంట్ రకం. గేటుకి పాజిటివ్ వోల్టేజి చాలు, ఒకే సప్లయితో పనైపోతుంది. డిప్లీషన్ రకమైతే గేటుకి మైనస్ వోల్టేజి ముందు రావాలి, ఆఫ్ చేసేటప్పుడు చివర్న పోవాలి. ఈ వరస తప్పితే ట్రాన్సిస్టర్ పోతుంది. మొదటిసారి చేసేవాళ్లు ఎన్‌హాన్స్‌మెంట్ రకమే తీసుకోండి.

ఏటీఎఫ్-54143 తయారీ ఆపేశారు. సరుకు మాత్రం ఆన్‌లైన్‌లో ఇంకా అమ్ముతూనే ఉన్నారు. నేను ఒక చోట ఐదు తెప్పించుకున్నాను. ప్యాకింగ్ బావుంది, మీద గుర్తు కూడా సరిగ్గానే ఉంది. బోర్డు మీద పెడితే గెయిన్ లేదు, నాయిస్ ఘోరం. రెండు రోజులు మ్యాచింగ్ నెట్‌వర్క్‌ను అనుమానించాను. చివరికి ఒకటి ఊడదీసి గేటు కాలునీ సోర్స్ కాలునీ కలిపేసి, మిగిలిన కాలు డ్రెయిన్‌కి 100 ఓమ్ రెసిస్టర్ ద్వారా 3 వోల్టులు ఇచ్చాను. ఎన్‌హాన్స్‌మెంట్ రకం అయితే మీటర్ దాదాపు సున్నా చూపించాలి. 20 మిల్లీఆంపియర్లు లాగింది. వేరే ట్రాన్సిస్టర్ మీద ఈ గుర్తు ముద్రించి పంపారు. ఐదింటిలో నాలుగు అంతే. ఇప్పుడు ఏది కొన్నా సోల్డర్ చేసే ముందు ఈ రెండు నిమిషాల పరీక్ష చేస్తాను. పాత భాగం కోసం వెంపర్లాడే బదులు, దానికి బదులుగా ఇంకా తయారవుతున్న రకాలను పేరున్న డిస్ట్రిబ్యూటర్ దగ్గర తీసుకోవడం నయం. పది రూపాయలు ఎక్కువైనా టెన్షన్ ఉండదు.

మ్యాచింగ్, బయాస్ (ట్రాన్సిస్టర్‌ను నడిపే వోల్టేజి అమరిక) అన్నీ చిప్‌లోనే ఉండి 50 ఓమ్‌లకు సర్దిన ఎల్‌ఎన్‌ఏలు (తక్కువ నాయిస్ ఆంప్లిఫయర్లు) కూడా ఉన్నాయి. ఎస్‌పీఎఫ్-5189జెడ్ బోర్డులు ఊరంతా దొరుకుతున్నాయి, 900 మెగాహెర్ట్జ్ దగ్గర 0.6 డీబీ అని డేటాషీట్. విడి ట్రాన్సిస్టర్‌తో కుస్తీ పడి, మామూలు ఎఫ్‌ఆర్-4 బోర్డు మీద, నాసిరకం ఇండక్టర్లతో చివరికి 0.7 తెచ్చుకునే బదులు ఈ 0.6 ఏం తక్కువ? ప్రాజెక్టు లక్ష్యం హైడ్రోజన్ అయితే ఇలాంటిది కొనుక్కోండి. ఆంప్లిఫయర్ డిజైనే ప్రాజెక్టు అయితే విడి ట్రాన్సిస్టర్ తీసుకోండి. రెండూ ఒకే సెమిస్టర్‌లో పెట్టుకోవద్దు.

సిలికాన్ జెర్మేనియం హెచ్‌బీటీ. ఇది గేటుకి బదులు బేస్ ఉండే బైపోలార్ రకం. గదివేడిలో నాయిస్ అంకెల్లో పీ-హెమ్ట్‌కు ఒక మెట్టు కిందే, ముఖ్యంగా ఫ్రీక్వెన్సీ పైకి వెళ్లే కొద్దీ. బేస్ రెసిస్టెన్స్, బేస్ కరెంటు తెచ్చే షాట్ నాయిస్ (ఎలక్ట్రాన్లు ఒక్కొక్కటిగా రావడం వల్ల పుట్టేది) దీని తలనొప్పులు. కానీ దీనికి మూడు మంచి గుణాలు. ఇన్‌పుట్ 50 ఓమ్‌లకు దగ్గరగా ఉంటుంది కాబట్టి వెడల్పాటి బ్యాండ్‌లో సులువుగా మ్యాచ్ అవుతుంది. ధర తక్కువ. అన్నిటికన్నా ముఖ్యం, ఫ్లికర్ నాయిస్ (ఫ్రీక్వెన్సీ తగ్గే కొద్దీ పెరిగే నాయిస్) చాలా తక్కువ. హెమ్ట్‌లో ఈ ఫ్లికర్ నాయిస్ మెగాహెర్ట్జ్‌ల దాకా పాకుతుంది, హెచ్‌బీటీలో కిలోహెర్ట్జ్‌ల దగ్గరే అణిగిపోతుంది. ఆసిలేటర్‌కీ (స్థిరమైన ఫ్రీక్వెన్సీని పుట్టించే సర్క్యూట్), సిగ్నల్‌ను నేరుగా సున్నా ఫ్రీక్వెన్సీకి దించే మిక్సర్‌కీ నేను హెమ్ట్ పెట్టను, ఇదే పెడతాను. రిసీవర్ మొదటి దశలో హెమ్ట్, లోపల ఆసిలేటర్‌లో హెచ్‌బీటీ ఉండటం వింతేమీ కాదు.

గాలియం నైట్రైడ్. ఇది రాడార్ వాళ్ల సరుకు. నాయిస్ గాలియం ఆర్సెనైడ్ కన్నా కొంచెం ఎక్కువ. అయితే పక్కనే ట్రాన్స్‌మిటర్ ఉండి అప్పుడప్పుడు వాట్ల కొద్దీ పవర్ ఇన్‌పుట్ మీద పడే చోట, గాలియం ఆర్సెనైడ్ ముందు లిమిటర్ (ఎక్కువ పవర్‌ను అడ్డుకునే భాగం) పెట్టక తప్పదు. ఉదాహరణకు ట్రాన్సిస్టర్ 0.8, లిమిటర్ నష్టం 0.7 అయితే మొత్తం 1.5 డీబీ. లిమిటర్ అవసరం లేని 1.3 డీబీ గాలియం నైట్రైడే అక్కడ గెలుస్తుంది. హార్న్ పెట్టి ఆకాశం వినేవాళ్లకు దీని అవసరం లేదు.

ఇండియం ఫాస్ఫైడ్ హెమ్ట్. చల్లబరిస్తే దీనికి సాటి వచ్చే ట్రాన్సిస్టర్ లేదు. 4, 5 కెల్విన్ల చలిలో, 4-8 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో సుమారు ఒకటిన్నర కెల్విన్ నాయిస్ ఉన్న ఆంప్లిఫయర్లను స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌లో ఉన్న ‘లో నాయిస్ ఫ్యాక్టరీ’ అనే కంపెనీ అమ్ముతుంది. 6 గిగాహెర్ట్జ్ దగ్గర క్వాంటమ్ సిద్ధాంతం పెట్టే హద్దు 0.3 కెల్విన్. అంటే హద్దుకు ఐదు రెట్ల దూరంలోకి వచ్చేశాం. 2001లో వెళ్లిన డబ్ల్యూమ్యాప్ ఉపగ్రహంలో విశ్వపు తొలి వెలుగును కొలిచినవి ఇండియం ఫాస్ఫైడ్ ఆంప్లిఫయర్లే. ఇవాళ క్వాంటమ్ కంప్యూటర్ల ఫ్రిజ్‌ల లోపలా ఇవే ఉంటున్నాయి.

చలి ఎందుకు పనిచేస్తుందో అమెరికా రేడియో ఆస్ట్రానమీ సంస్థ ఎన్‌ఆర్‌ఏఓలో మరియన్ పోస్పియెజాల్‌స్కీ 1989లో తేలిగ్గా విప్పాడు. ట్రాన్సిస్టర్ నాయిస్‌ను రెండు వేడిమిలుగా చూడమన్నాడు. గేటు వైపు వేడిమి దాదాపు బయటి ఉష్ణోగ్రతే, డ్రెయిన్ వైపుది వేల కెల్విన్లు. డబ్బాను చల్లబరిస్తే గేటు వైపుది దానితో పాటే దిగుతుంది, డ్రెయిన్ వైపుది పెద్దగా దిగదు. అందుకే 15, 20 కెల్విన్లకు చల్లబరిస్తే నాయిస్ సుమారు పదో వంతుకు పడుతుంది గానీ సున్నా కాదు. ఆ ఏడాదే వాయేజర్-2 నెప్ట్యూన్ దగ్గరకు చేరింది. దాని బలహీనమైన 8.4 గిగాహెర్ట్జ్ సిగ్నల్ వినడానికి న్యూ మెక్సికోలోని వీఎల్‌ఏ రేడియో టెలిస్కోపు 27 డిష్‌లనూ చల్లబరిచిన ఆంప్లిఫయర్లతో సిద్ధం చేశారు. గ్రహం ఒక్కసారే ఎదురుపడుతుంది, ఎక్కువసేపు వింటే సరిపోతుందనే వెసులుబాటు అక్కడ లేదు. చల్లబరచాల్సింది అలాంటి చోట.

మరి మన పుణె దగ్గరి జీఎంఆర్‌టీ రేడియో టెలిస్కోపులో 45 మీటర్ల డిష్‌లు 30 ఉన్నా రిసీవర్లను చల్లబరచరు. దాని ఫ్రీక్వెన్సీలు ఎక్కువగా 1 గిగాహెర్ట్జ్ కిందవి, అక్కడ కిందికి దిగే కొద్దీ ఆకాశమే వేడి. 30 చోట్ల క్రయోజెనిక్ యంత్రాలు పెట్టి నడిపే ఖర్చుకు వచ్చే లాభం చాలదు.

పెల్టియర్ పలకతో (కరెంటు ఇస్తే ఒక వైపు చల్లబడే పలక) చల్లబరుద్దామా అని పిల్లలు అడుగుతుంటారు. 300 కెల్విన్ల నుంచి 250కి దిగితే ఆరో వంతు తగ్గింది, నాయిస్ కూడా కాస్త అటూఇటూగా అంతే తగ్గుతుంది. 35 కెల్విన్ 29 అవుతుంది. దాని కోసం తేమ చేరకుండా డబ్బా సీల్ చేయాలి, ఇంకో పవర్ సప్లయి కావాలి. నేనైతే ఆ డబ్బుతో హార్న్ చుట్టూ రేకు పెంచి నేల వేడి లోపలికి రాకుండా చూస్తాను. మన ఎండలో డబ్బా మీద తెల్ల రంగు వేసి నీడ కల్పించడం కూడా మంచి చల్లబరచడమే.

బోర్డు చేసేటప్పుడు

ట్రాన్సిస్టర్ ముందు ఏది పెట్టినా అడగండి: ఇది ఎన్ని కెల్విన్లు? 0.1 డీబీ నష్టం కూడా 7 కెల్విన్లు కలుపుతుంది. ఇన్‌పుట్ ఇండక్టర్ తీగ చుట్టినది వాడండి, బోర్డు గీత వీలైనంత పొట్టిగా ఉంచండి. సెల్ టవర్ ఎదురింటి మీదే ఉంటే ఫిల్టర్‌ను ట్రాన్సిస్టర్ ముందే పెట్టాలనిపిస్తుంది. అలా చేస్తే అర డీబీ పైనే పోతుంది. బలమైన సిగ్నల్‌కు తొణకని మొదటి దశ తీసుకుని, ఫిల్టర్‌ను మొదటి, రెండో దశల మధ్య పెట్టి చూడండి. అప్పటికీ టవర్ గెలిస్తే, అప్పుడు ముందు పెట్టండి.

డబ్బా మూత దగ్గరికి చెయ్యి తెస్తే కరెంటు కదులుతోందా, అది ఆసిలేట్ అవుతోంది. ఆ స్థితిలో కొలిచిన నాయిస్ అంకెలకు విలువ లేదు. సోర్స్ కాళ్లకీ గ్రౌండ్‌కీ మధ్య దారి పొడుగైతే ఇదే జరుగుతుంది.

పిల్లల సంగతి చెప్పి ఆపుతాను. కేబుల్ తీయక ముందే కొలత పెట్టించాను. హార్న్‌ను డాబా నేలకేసి బోర్లించి ఒక రీడింగ్, నడినెత్తికి తిప్పి ఒక రీడింగ్. రిసీవర్ సొంత నాయిస్ ఎంత ఎక్కువైతే వేడి నేలకీ చల్లటి ఆకాశానికీ మధ్య తేడా అంత తక్కువగా కనిపిస్తుంది. సాయంత్రానికి స్లాబ్ 40 డిగ్రీలు, అంటే 313 కెల్విన్. రెండింటి తేడా 3.3 డీబీ వచ్చింది, రిసీవర్ వాటా సుమారు 237 కెల్విన్ అని తేలింది. మర్నాడు ఆంప్లిఫయర్‌ను హార్న్ వెనకే బిగించి, పక్కన చవక రెండో దశ తగిలించుకుని వచ్చారు. అదే ట్రాన్సిస్టర్. తేడా 6.6 డీబీ, రిసీవర్ 62 కెల్విన్. తొమ్మిదిన్నరకల్లా బుడిపె గుట్టయింది.

అందరూ ఫొటోలు తీసుకుంటుంటే వాళ్లలో ఒకమ్మాయి మాత్రం కాగితం పట్టుకుని కూర్చుంది. "సార్, లెక్క ప్రకారం 38 రావాలి. మిగతా 24 ఎక్కడివి?" డబ్బా ఎండకి వేడెక్కింది, అది కొంత. టార్చి వేసి హార్న్ వెనక చూశాం. ప్రోబ్‌కీ ఆంప్లిఫయర్‌కీ మధ్య ఎన్ నుంచి ఎస్‌ఎంఏకి ఒక అడాప్టర్, దాని మీద మూల తిరగడానికి ఇంకో అడాప్టర్.